ఉత్తరమునకు ప్రత్యుత్తరము

ఇంటికి వచ్చిన ఉత్తరమును ముందుగా ఎవరు విప్పవలెనను విషయమున పూర్వము మన యిండ్లలో కొన్ని కట్టుబాట్లుండెడివి. మగవారి పేర వచ్చినది మగవారే విప్పెడివారు. కోడలి పేర వచ్చినది మాత్రము అనేక గృహములలో మొదట మామగారి చేతనో భర్త చేతనో పడి, పిమ్మట ఆమెకు చేరెడిది. అది కార్డు అయినచో చెప్పనే యక్కరలేదు. తపాలా బంట్రోతు మొదలుకొని వీధియరుగు మీద కూర్చున్న వారి వరకు అందరును చదువదగినదే. అందువలన మన తల్లులు పుట్టింటికి వ్రాసిన ఉత్తరములలో "ఇచ్చట అందరము క్షేమము" అను మాటయే తప్ప మనసులోని మాట యుండుట అరుదు.

నేడు కాలము మారినది. మన సోదరీమణులలో అనేకుల చేతిలో ఫోను కలదు. అందు తమ పేర నొక ఈమెయిలు పెట్టె కలదు. ఆ పెట్టెలోనికి వారమునకో నెలకో ఒకమారు వచ్చు ఒక విధమైన లేఖను గూర్చియు, దానిని వ్రాయువారికిని చదువువారికిని గల సంబంధమును గూర్చియు, ఆ సంబంధమున మేము చేసిన యొక అపరాధమును గూర్చియు ఈ వ్యాసమున విన్నవింపదలచితిమి.

ఈ లేఖను న్యూస్‌లెటర్ అందురు. పేరును బట్టి ఇది వార్తాలేఖ యైనను, అందు వార్తల కంటె వ్రాసిన వారి తలపులే హెచ్చు. దీనికి అచ్చుకూటము లేదు, కాగితము లేదు, తపాలాబిళ్ల లేదు. వ్రాయువారు తమ యింట కూర్చుండి వ్రాసి, చందాదారుల విలాసముల పట్టికకు ఒక్కమారుగా పంపుదురు. 1971 సంవత్సరమున రే టామ్లిన్‌సన్ అను అమెరికా ఇంజనీరు ఒక కంప్యూటరు నుండి మరియొక కంప్యూటరునకు సందేశమును పంపి, మనిషి పేరునకును కంప్యూటరు పేరునకును నడుమ మనము నేడు "ఎట్" అని చదువు గుర్తును నిలిపెను. ఆ గుర్తే నేటికిని మన విలాసములలో నిలిచియున్నది.

ఇట్టి లేఖలు కొన్ని మిక్కిలి చిన్నవిగా పుట్టి పెద్దవైనవి. మరియా పొపోవా అను రచయిత్రి 2006 లో తనతో పనిచేయు 7 గురికి పంపిన లేఖయే క్రమముగా దేశదేశముల పాఠకులకు ప్రియమైనది; 2021 నుండి దానికి "ది మార్జినేలియన్" అని పేరు. బోస్టన్ కాలేజీలో చరిత్ర బోధించు హెదర్ కాక్స్ రిచర్డ్‌సన్ అను విదుషీమణి 2019 సెప్టెంబరులో తన దేశ రాజకీయమును గూర్చి యొక వ్యాసఖండము వ్రాయగా, చదివినవారు ప్రశ్నలపై ప్రశ్నలు అడిగిరట. వానికి సమాధానములు చెప్పబోయి ఆమె వ్రాసిన మాటలే "లెటర్స్ ఫ్రం ఎన్ అమెరికన్" అను లేఖలైనవి. అనగా చదువరులు అడుగుట వలననే ఆ రచన నిలిచినదన్న మాట. 2017 లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున స్థాపింపబడిన సబ్‌స్టాక్ అను సంస్థ వచ్చినది మొదలు ఇట్టి లేఖలకు చందా సొమ్ము పుచ్చుకొనుటయు సులభమైనది. చందాలో నూటికి 10 వంతున ఆ సంస్థ తీసికొని, తక్కినది, బ్యాంకు ఖర్చులు పోను, రచయితకు చేర్చును. చందాదారుల పట్టిక మాత్రము రచయిత సొత్తు. వేరొక చోటికి పోదలచిన వెంట తీసికొని పోవచ్చును.

యంత్రము క్రొత్తదియే గాని, ఈ పద్ధతి మన తెలుగువారికి క్రొత్తది కాదు. 1928 లో మద్రాసున డాక్టరు కేసరిగారు స్థాపించిన "గృహలక్ష్మి" పత్రికలో శ్రీమతి కనుపర్తి వరలక్ష్మమ్మగారు "శారద లేఖలు" వ్రాసిరి. శారద యను స్త్రీ కల్పలత యను తన నెచ్చెలికి వ్రాయుచున్నట్లుగా ఆ లేఖలు సాగినవి. లోకవ్యవహారములన్నియు అందు ఒక స్నేహితురాలు మరియొక స్నేహితురాలితో చెప్పినట్లే చెప్పబడినవి. వ్యాసమును అనేకులకు చదివి వినిపింపవచ్చును. ఉత్తరము మాత్రము ఒక్కరికే వ్రాయబడునది. కావున లేఖారూపమున నున్న రచనను చదువు ప్రతి స్త్రీయు తానే కల్పలతనని భావించుకొనును. ఆ రచనలోని బలమంతయు అందే కలదు. మేము చెప్పబోవు అపాయము కూడ అందే కలదు.

మేము 2021 లో ప్లవనామ సంవత్సర ఉగాదినాడు ఇట్టి లేఖ నొకదానిని ప్రారంభించితిమి. కరోనా మహమ్మారి వలన ఒకరి యింటికి ఒకరు పోవుటకు వీలులేని దినములవి. మొదట 23 మంది బంధువులకును స్నేహితులకును పంపితిమి. ఊరగాయల కొలతలు, పండుగల ఆచారములు, చదివిన పుస్తకములు, ఇంటి వృద్ధుల వలన విన్న సంగతులు, ఇవియే అందలి విషయములు. వారు తమ వారికి చూపగా, వారు మరికొందరికి చెప్పగా, రెండేండ్లు దాటునప్పటికి చదువరుల సంఖ్య 612 అయినది. చందా సొమ్ము మేము పుచ్చుకొనలేదు.

సొమ్ము పుచ్చుకొనకున్నను మరియొక దానికి మేము ఆశపడితిమి. ఈ లేఖలను పంపు సంస్థలు రచయితకు ఒక లెక్క చూపును: ఎవరు లేఖను తెరచిరి, ఎన్నిమారులు తెరచిరి, ఎవరు తెరువకయే విడిచిరి. ఇది ఎట్లు తెలియుననగా, ప్రతి లేఖలోను కంటికి కానరాని చుక్కయంత బొమ్మ యొకటి దాచి యుంచుదురు. చదువరి లేఖను తెరచినతోడనే ఆ బొమ్మ పంపినవారి యంత్రమునుండి తెప్పింపబడును. అంతట అచట లెక్క పడును. చదువువారికి ఈ సంగతి తెలియదు. మేము మాత్రము ప్రతి సాయంకాలము పాల లెక్క చూచుకొన్నట్లు ఆ పట్టికను చూచుకొనుచుంటిమి.

అందు మా మేనత్త కుమార్తె పేరునకు ఎదుట ఎన్నడును తెరచిన గుర్తు పడలేదు. చందాలో చేరినది గాని చదువుట లేదని మేము లోలోపల నొచ్చుకొంటిమి. ఒక పెండ్లిలో ఆమె కనబడగా ముభావముగా నుంటిమి. ఆమె మా ప్రక్కకు వచ్చి కూర్చుండి, "వదినా, మొన్నటి ఉత్తరములో ఆవకాయకు ఉప్పు రెండింతలు పడ్డది, చూచుకొన్నావా? నేను కనిపెట్టితిని గనుక సరిపోయినది, క్రొత్తగా పెట్టువారు పాడుచేసుకొందురు సుమా" అనినది. ఆమె ప్రతి అక్షరము చదువుచునే యున్నది! ఆమె ఫోనులో బొమ్మలు దిగకుండ కట్టడి చేయబడి యున్నందున లెక్క పడలేదంతే. 2021 లో ఆపిల్ కంపెనీవారు తమ ఫోనులయందు ఈ చాటు లెక్కను చెరచు ఏర్పాటు నొకటి చేసిరి; అందు చదువరి లేఖను తెరువకున్నను తెరచినట్లు గుర్తు పడవచ్చును. కాబట్టి ఆ పట్టిక ఒకచోట చదివినవారిని చదువలేదనును. మరియొకచోట చదువని వారిని చదివిరనును. ఇట్టి దానిని నమ్ముకొని మేము బంధువుతో మాటలాడుట మానితిమి. ఇది మా మొదటి తప్పు; దీనికి నవ్వుకొని యూరకుండవచ్చును. రెండవది నవ్వుకొన దగినది కాదు.

2023 కార్తికమాసమున "పుట్టింటి నుండి తెచ్చుకొన్న వస్తువులు" అను విషయమును గూర్చి యొక లేఖ వ్రాసి, కడపట "మీ యింట నట్టి వస్తువేదైన నున్నచో మాకు వ్రాయుడు" అని కోరితిమి. ప్రత్యుత్తరములు 41 వచ్చినవి. ఇచట నొక సంగతి చెప్పవలెను. చదువరి ఈ లేఖకు జవాబు వ్రాసినచో అది రచయితకు మాత్రమే చేరును. తక్కిన చందాదారులకు చేరదు. అందుచేత వ్రాయువారు ధైర్యముగా వ్రాయుదురు.

ఆ 41 లో నొకటి, రెండేండ్లుగా మాకు జాబులు వ్రాయుచున్న యొక సోదరి వ్రాసినది. మమ్మామె "అక్కయ్యగారూ" అని సంబోధించును. మేమెన్నడును ఆమెను చూడలేదు. పుట్టింటి నుండి తాను తెచ్చుకొన్న వస్తు వేదియు లేదనియు, తెచ్చుకొనవలెనని తలచి తేలేకపోయినది తల్లి రుబ్బురోలనియు వ్రాసెను. చిన్ననాట పొత్రమును జారవిడిచి ఆ రోలి అంచు తానే పగులగొట్టినదట. తండ్రి పోయిన పిదప కొడుకులు తల్లికి సొమ్ము పంపకపోగా, ఈమె రాత్రులు రవికలు కుట్టి, నెలకు 1500 రూపాయల చొప్పున 6 సంవత్సరములు తల్లికి పంపినది. అత్తవారింట ఎవరికిని ఈ సంగతి తెలియదు. తల్లి పోగా అన్నదమ్ములు ఇల్లు అమ్మివేసిరి. కొన్నవారు ఆ రోలిని పెరటి కుళాయి ప్రక్కన వేసి అందు తులసి నాటిరట. ఆ యూరు పోయినపుడెల్ల గోడ ప్రక్కన నిలిచి దానిని చూచి వచ్చుచున్నానని వ్రాసి, "ఈ మాట ఇంతవరకు ఎవరితోను అనలేదు" అని ముగించినది.

ఆ కడపటి వాక్యమును చదివినపుడే మేము ఆగవలసినది. ఆగలేదు. కన్నీరు వచ్చిన మాట నిజమే. ఆ కన్నీరు ఆరకమునుపే వచ్చు నెల లేఖకు విషయము దొరకినదను సంతోషము కలిగిన మాటయు నిజమే. పేరు తీసివేసితిమి, ఊరు తీసివేసితిమి, "ఒక సోదరి" యని మాత్రము వ్రాసి, తక్కినదంతయు ప్రకటించితిమి. అంత మంచి లేఖ యెన్నడును రాలేదని అనేకులు మెచ్చుకొనిరి.

పది దినములకు ఆమెనుండి రెండు జాబులు వచ్చినవి. మొదటిదాని వలన సంగతి తెలిసినది. వేరొక పట్టణముననున్న ఆమె ఆడపడుచు కూడ మా చందాదారే. చదువదగిన ఉత్తరమని చెప్పి ఆమెను చేర్చినది ఈ సోదరియే! ఆడపడుచు అంచు పగిలిన రోలిని గుర్తుపట్టినది. రవికల కుట్టుపనిని గుర్తుపట్టినది. ఫోనులో తన తల్లికి చదివి వినిపించినది. ఆ పిమ్మట ఆ యింట ఏమి జరిగినదో ఆమె వ్రాయలేదు; అడుగు హక్కు మాకు లేదు. రెండవ జాబున రెండే వాక్యములున్నవి: "అక్కయ్యగారూ, నేను మీకు వ్రాసితిని గాని మీ చందాదారులకు వ్రాయలేదు. ఇకమీదట నాకు పంపవలదు." అటుపిమ్మట తన పేరు తానే పట్టికనుండి తీసివేసికొన్నది.

మొదట మా మనస్సు మమ్ము సమర్థించుకొనుటకే యత్నించినది. పేరు వ్రాయలేదు గదా! ఆమె తనంత తానే వ్రాసినది గదా! వ్రాయుడని మేము అందరిని బహిరంగముగానే కోరితిమి గదా! ఈ మాటలన్నియు మా అత్తగారితో చెప్పితిమి. ఆమె బియ్యములో రాళ్లు ఏరుచు, తల యెత్తకయే, "పేరు తీసివేసితి నంటివి. రోలు తీసివేయలేదు గదా, అమ్మాయీ!" అనినది.

అంతకంటె మేము చెప్పగలది లేదు. మనిషిని గుర్తుపట్టుటకు పేరక్కరలేదు. పగిలిన అంచు చాలును. ఏ వివరమువలన ఆ కథ మాకు హృద్యమైనదో ఆ వివరము వలననే ఆమె పట్టుబడినది. దానిని తీసివేసిన లేఖ చప్పబడునని తెలిసియే మేము దానిని ఉంచితిమి.

దిద్దుబాటునకు మేము చేయగలిగినది స్వల్పము. పాత సంచికలు అందరికిని కనబడు చోటినుండి ఆ లేఖను తీసివేసితిమి. కాని 612 పెట్టెలలోనికి పోయిన ప్రతులను తిరిగి పుచ్చుకొను ఉపాయము లేదు. కాలు జారిన తీసికొనవచ్చును గాని నోరు జారిన తీసికొనలేమని పెద్దలన్నది మాటకే గాదు, ఈ లేఖకును వర్తించును. ఆమెకు వేరుగా నొక్కమారు క్షమాపణ వ్రాసితిమి. తరువాతి సంచికలో, "గతమాసమున ఒకరి అనుమతి లేకయే వారి మాటను ప్రకటించితిమి, అది మా తప్పు" అని రెండు పంక్తులు మాత్రము వేసితిమి. ఏ మాట, ఎవరిది యని కొందరు అడిగిరి, చెప్పలేదు. మా క్షమాపణకు నేటివరకు ప్రత్యుత్తరము రాలేదు. రావలెనని కోరుటయు న్యాయము కాదు.

1956 లో డొనాల్డ్ హార్టన్, రిచర్డ్ వోల్ అను ఇరువురు అమెరికా పండితులు రేడియో, టెలివిజనులలో మాటలాడువారికిని వినువారికిని నడుమ ఏర్పడు ఒంటిచేతి స్నేహమును గూర్చి యొక వ్యాసము వ్రాసిరి. వినువాడు తనతోనే మాటలాడుచున్నారని భావించును. మాటలాడువారు అతనిని ఎరుగనే యెరుగరు. ఈమెయిలు లేఖలో ఈ స్నేహము మరింత చిక్కైనది. రేడియోకు బదులు చెప్పలేము. ఈ లేఖకు బదులు వ్రాయవచ్చును. వ్రాసిన, రచయిత చదువును. ఒక్కొక్కప్పుడు జవాబు కూడ వ్రాయును. అందుచేత చదువరి దీనిని సంపూర్ణ స్నేహమే యనుకొనును. రచయితకు ఆమె 612 మందిలో నొకతె. ఆమెకు రచయిత ఒక్కతెయే. ఈ భేదమును చదువరి మరచుట సహజము. రచయిత మరచుట తప్పు. ఎరిగియుండియు ఆ నమ్మకమును వాడుకొనుట అంతకంటె పెద్ద తప్పు. మేము చేసినది ఆ పెద్ద తప్పే.

అప్పటినుండి మేము కొన్ని నియమములు పెట్టుకొంటిమి. ఎవరి జాబునందలి మాటయైనను ప్రకటింపదలచినచో, ప్రకటింపబోవు పంక్తులను ముందుగా వారికే పంపి, "వేయవచ్చును" అని వారు వ్రాసిన పిదపనే వేయుచున్నాము. జవాబు రానిచో అది సమ్మతి కాదు. ప్రతి లేఖకు మొదట, "ఇది ఇంతమందికి పోవుచున్నది" అని సంఖ్య వేయుచున్నాము. అది చూచిన చదువరికి తాను సభలో నున్న సంగతి గుర్తుండును. తెరచినవారి లెక్కను నిలిపివేయు వీలు మా లేఖలను పంపు సంస్థవారి యేర్పాటులోనే యున్నందున దానిని నిలిపివేసితిమి. ఇప్పుడు ఎవరు చదువుచున్నారో మాకు తెలియదు. పెండ్లిండ్లలో అందరితోను సమానముగా మాటలాడుచున్నాము. మాకు వచ్చు జాబులు మాత్రము తగ్గినవి. 41 వచ్చిన చోట 6 వచ్చిన మాసములున్నవి. అది మాకు రావలసిన ఫలమే యని ఓర్చుకొనుచున్నాము.

చదువు సోదరీమణులకును రెండు మాటలు మనవి చేయుచున్నాము. మీకు ప్రియమైన రచయిత్రికి తప్పక వ్రాయుడు. మంచిమాట యొక్కటి వచ్చిన మాసమున మేము పడిన శ్రమ యంతయు మరచితిమి. కాని మనసులోని రహస్యమును వ్రాయునపుడు, "ఇది మీకు మాత్రమే" అని మొదటి పంక్తిలోనే స్పష్టముగా వ్రాయుడు. అట్లు వ్రాయుట అపనమ్మకము కాదు. తలుపునకు గడియ వేయుట వంటిది. ఇంటిలో నలుగురు వాడు ఫోనులో పెట్టె తెరచియుంచకుడు. ఇక చదువబుద్ధి కానిచో మొగమాటము లేక చందా మానుడు. వ్యాపార లేఖలలో మానుటకు దారి స్పష్టముగా నుండవలెనని అమెరికాలో 2003 లోనే చట్టము కలిగినది. పెద్దమొత్తమున లేఖలు పంపువారు ఒక్క నొక్కుతో మానుటకు వీలు కల్పింపవలెనని గూగుల్, యాహూ సంస్థలు 2024 లో నియమము చేసినవి. మానినవారి పేరు చూచి మనసు చివుక్కుమనును, నిజమే. దానిని భరించుట రచయిత పని గాని చదువరి పని కాదు.

చందా మానినవారి విలాసము పట్టికనుండి పూర్తిగా మాసిపోవునని మేమనుకొంటిమి. అట్లు కాదట. ఇకమీదట పంపరాని వారి పట్టిక యని వేరొకటి యుండును. ఆ విలాసమును అందు ఉంచినగాని, మరియెప్పుడైన పొరపాటున మరల ఉత్తరము పోవు ప్రమాదము కలదు. ఆ సోదరి విలాసము ఆ రెండవ పట్టికలో నున్నది. అప్పుడప్పుడు దానిని చూచెదము, తుడిచివేయము. మాకు పంపవలదని ఆమె కోరినది. ఆమె మమ్ము కోరిన కడపటి కోరిక అది. దానినైనను తప్పక చెల్లించుచున్నాము.